నలభై ఇళ్ళ బియ్యం

మా చర్చి సంఘంలో ఏ ఇంట్లోనైనా ఆడమనిషి అన్నానికి బియ్యం కొలిచిందంటే, కడిగేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన ఇంకో డబ్బాలో వేస్తుంది. అది దేవుడి డబ్బా. ఆదివారం ఆరాధనకు వచ్చేటప్పుడు ఆ డబ్బా తెచ్చి గుడి పక్క గదిలో ఉన్న డ్రమ్ములో పోస్తుంది. నలభై ఇళ్ళ పిడికెళ్ళు నెలకు తొంభై కిలోల దాకా అవుతాయి. వాటిని తొమ్మిది సంచులకెత్తి, కష్టంలో ఉన్న తొమ్మిది ఇళ్ళకు అందించడం స్త్రీల సమాజం కార్యదర్శి పని. ఆరేళ్ళుగా ఆ కార్యదర్శిని నేనే. పేరు మేబెల్. ఉండేది నేరేడ్‌మెట్‌లో. నాకు నోరెక్కువని సంఘంలో పేరుంది. అబద్ధమేం కాదు.

సంచి ఇచ్చేస్తే పని అయిపోదు. నెలలో మొదటి శనివారం పొద్దున స్త్రీల కూటంలో ఆ తొమ్మిది పేర్లూ పైకి చదవాలి. ఎవరిది ఏ కష్టమో కూడా చెప్పాలి. శ్యామలమ్మ, అల్వాల్, భర్త లేడు, మోకాళ్ళు పనిచెయ్యవు. అలాగన్నమాట. ఒక్కో పేరు చదవగానే అందరూ తలలు వంచి ఆ ఇంటి కోసం ప్రార్థన చేస్తారు. పేర్లు గుట్టుగా ఉంచుదామని నేనే ఒకసారి మా అధ్యక్షురాలు గ్లోరియా అక్కతో అన్నాను. "పేరు తెల్వకుండ ఎవరి కోసమని ప్రార్థన చేస్తం మేబెల్?" అంది ఆమె. నిజమే కదా అనుకుని ఊరుకున్నాను. అప్పుడు చదివేది నేను, చదివించుకునేది వేరేవాళ్ళు.

జూన్‌లో మా ఆయన ఎరిక్ ఉద్యోగం పోయింది. మారేడ్‌పల్లిలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పద్దెనిమిదేళ్ళు బుకింగులు చూశాడు. ఓనరు పోయాక ఆయన కొడుకులు షట్టరు దించేసి చేతులు దులుపుకున్నారు. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని పిలిచి కొత్తగా కుర్చీ వేసేవాళ్ళు ఎవరు? తిరగని ఆఫీసు లేదు. నేను చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పి తెచ్చేది అద్దెకూ, మా అమ్మాయి ప్రిసిల్లా కాలేజీకీ, అత్తయ్య షుగరు మాత్రలకూ అటూ ఇటూ లాగితే సరిపోయేది. ఉద్యోగం ఉన్న రోజుల్లో మనకెందుకని రేషన్ కార్డు తీసుకోలేదు. ఇప్పుడు పెట్టిన దరఖాస్తు ఏ టేబుల్ మీద నిద్రపోతోందో తెలియదు.

అయినా సంఘంలో ఒక్కరికీ చెప్పలేదు. ఆదివారం గుడి మెట్ల దగ్గర ఎవరైనా "బాగున్నరా బ్రదర్?" అంటే "దేవుని కృప" అనేవాడు ఎరిక్. మా వాళ్ళలో ఆ రెండు ముక్కలు అన్నామంటే ఎదుటివాడు ఇంకేమీ అడగడు. ఇంట్లో కూడా ఆయన నోట కష్టం అనే మాట రాదు. "శోధన కాలం" అంటాడు, దేవుడు పెట్టిన పరీక్ష అన్నట్టు. "తండ్రి చూసుకుంటడు" అంటాడు.

"చూస్తనే ఉన్నడు. చూసుకునుడే లేదు," అన్నాను ఒకరోజు కడుపు మండి.

ఎరిక్‌కి కోపం రాలేదు. ఆయనకు కోపం రాకపోవడమే నాకు కోపం. "అట్లనకు మేబెల్, మన అవసరం ఆయనకు తెలుసు," అని మెల్లగా చెప్పి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాలుగు నెలలుగా ఆయన ప్రార్థన అంతా అదే. నీకు తెలుసు తండ్రీ, నీకు తెలుసు. ఫలానాది కావాలని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. దేవుడినే అడగని మనిషి ఇంక సాటి మనుషుల్ని ఏమడుగుతాడు?

ఆయన్ని అనడం దేనికి, నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? సంఘంలో ఎవరింట్లో పొయ్యి వెలగకపోయినా నాకు తెలియాలి. నా ఇంటి సంగతి మాత్రం ఎవరికీ తెలియకూడదు. ఆ పొగరుకే తెల్లచీర కట్టి ప్రతి ఆదివారం గుడికి తీసుకెళ్ళేదాన్ని.

అక్టోబరు మొదటి వారం, గురువారం నాటికి బియ్యం బస్తా అడుగు కనిపించింది. రెండు గ్లాసులు ఉన్నాయి. కొలిచి కడగబోతుంటే అత్తయ్య శేషారత్నం వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడింది. అత్తయ్యది గుడివాడ వైపు. వాళ్ళ నాన్న అక్కడి పల్లెల్లో ఉపదేశిగా, పాస్టరు లేని చోట్ల వాక్యం చెబుతూ, బతికిన మనిషి. సికింద్రాబాదు వచ్చి నలభై ఏళ్ళయినా ఆవిడ మాట మారలేదు.

"పిడికెడు తీశావా?" అంది.

"ఉన్నయే రెండు గ్లాసులు అత్తయ్యా."

"ఉన్నాయి కాబట్టే అడుగుతున్నా. లేకపోతే ఎందుకడుగుతానే?"

తీశాను. భక్తితో కాదు, మంటతో. విసిరినట్టు డబ్బాలో వేస్తే సగం గింజలు గట్టు మీద పడ్డాయి. అత్తయ్య వాటిని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేసి వెళ్ళిపోయింది.

శుక్రవారం అటుకులతో గడిచింది. శనివారం కూటం. పేర్లు చదివాను. తొమ్మిదో పేరు తర్వాత కాగితం మీద బోలెడు ఖాళీ ఉంది. "ఇంకెవరన్న ఉన్నరా?" అని ప్రతి నెలా అడిగినట్టే గ్లోరియా అక్క అడిగింది. మేబెల్, నేరేడ్‌మెట్, భర్తకు పని లేదు, ఇంట్లో బియ్యం లేవు. అంతే కదా చెప్పాల్సింది. నా ఎదురుగా నలభైమంది ఆడవాళ్ళ ముఖాలున్నాయి. అందరూ నన్ను చూసి కాస్త భయపడేవాళ్ళే, కాస్త గౌరవించేవాళ్ళే.

"లేరక్కా," అన్నాను.

కూటం అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. తూచడం, కట్టడం నా ఒక్కదాని పని. తొమ్మిది సంచులు కట్టేసరికి డ్రమ్ము ఖాళీ అయింది. నా హ్యాండ్‌బ్యాగులో మడతపెట్టిన గుడ్డసంచి ఉంది. పొద్దున ఇంటి దగ్గరే పెట్టుకున్నాను, కాబట్టి అప్పటికప్పుడు బుద్ధి గడ్డి తిన్నదని బొంకను. ఒక్కో సంచి మూతి విప్పి అర కిలో చొప్పున తీశాను. తొమ్మిది ముడులు విప్పాను, తొమ్మిది ముడులు వేశాను.

సంచులు తొమ్మిది ఇళ్ళకూ పంపించి ఇంటికి వచ్చేసరికి ఎరిక్ ముందు గదిలోనే ఉన్నాడు. సంచి చూశాడు.

"బియ్యమా? ఎక్కడియి?"

"దేవుడిచ్చిండు," అన్నాను.

మా ఇళ్ళలో అది జవాబు కాదు, జవాబు చెప్పకుండా తప్పుకునే మాట. కొత్త చీర ఎక్కడిదంటే దేవుడిచ్చాడు, కూర ఎవరు పంపారంటే దేవుడిచ్చాడు. అడిగినవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. ఎరిక్ నవ్వలేదు. లేచి నిలబడ్డాడు.

"అంటే? ఎవరు తెచ్చిన్రు?"

"తెల్వదు. గేటు దగ్గర పెట్టి పోయిన్రు ఎవరో."

ఆయన సంచిలో చెయ్యి పెట్టి కొన్ని గింజలు అరచేతిలోకి తీసుకుని చూశాడు. కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "చూసినవా మేబెల్? చూసినవా?" అన్నాడు. ఆయన గొంతులో అంత సంతోషం నాలుగు నెలల్లో వినలేదు. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. వెళ్ళి ఎసరు పెట్టాను.

ఆ అన్నం సంగతి కూడా చెప్పాలి. అది నలభై ఇళ్ళ బియ్యం. ఒకరిది సోనా మసూరి, ఒకరిది రేషన్ బియ్యం, ఒకరిది పండక్కి తెచ్చి మిగిల్చిన బాస్మతి. పాతవీ కొత్తవీ కలిసిపోయి ఉంటాయి. ఎంత జాగ్రత్తగా వండినా కొన్ని మెత్తగా జావైపోతాయి, కొన్ని పలుకుగా ఉండిపోతాయి. పచ్చిపులుసు పెట్టి అందరికీ వడ్డించాను. ఎరిక్ కళ్ళు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశాడు. ఆ తెచ్చిన చేతుల్ని దీవించమన్నాడు. నా చేతులు అప్పుడు గరిటె పట్టుకుని ఉన్నాయి.

అత్తయ్య మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపింది. నా వైపు ఒకసారి చూసింది. మళ్ళీ నమిలి మింగింది.

"రేపు ఆరాధనల సాక్ష్యం చెప్త," అన్నాడు ఎరిక్.

మా ఆరాధనలో పాటలయ్యాక సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తనకు చేసిన మేలును ఎవరైనా లేచి నిలబడి అందరికీ చెప్పవచ్చు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఎరిక్ ఒక్కసారి కూడా లేవలేదు.

"ఇప్పుడెందుకు? ఇంట్ల సంగతి బజార్ల ఎందుకు పెట్టుడు?" అన్నాను.

"ఇన్ని రోజులు చెప్పుకోనీకి ఏం లేకుండె. ఇప్పుడుంది కద." ప్రిసిల్లా వాళ్ళ నాన్నను చూసి నవ్వింది. మెతుకుల్లో పలుకు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

గిన్నెలు తీస్తుంటే అత్తయ్య వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"పిడికెడు బియ్యం ఎత్తుకొచ్చావా?"

నేను పంపు తిప్పి నీళ్ళ చప్పుడు చేశాను. ఆవిడ పంపు కట్టేసింది.

"మా నాన్నకి జీతం లేదే. ఇంటింటికీ వెళ్ళి డబ్బా పట్టుకుని నిలబడేవాడు. పదహారేళ్ళు నేను ఈ అన్నమే తిన్నాను. ఒక మెతుకు మెత్తన, ఒక మెతుకు గట్టి. నా నోటికి తెలియదనుకున్నావా?"

"ఇంట్ల ఏం లేదు అత్తయ్యా. ఏం చెయ్యాలె మరి?"

"అడగాలి."

"అందరి ముంగట పేరు చదువుతరు."

"చదివితే?" అంది అత్తయ్య. "మా నాన్న వస్తుంటే తలుపు వేసుకునేవాళ్ళూ ఉండేవాళ్ళు. ఇంటికొచ్చి ఏడ్చేవాడు. అయినా పొద్దున్నే లేచి మళ్ళీ వెళ్ళేవాడు. అడిగి తెచ్చాడు కాబట్టి మాకు గొంతు దిగింది. ఇవాళ నాకు దిగలేదు. వాడు రేపు లేచి నిలబడకముందే చెప్పెయ్యి." నా భుజం మీద చెయ్యి వేసింది గానీ, ఊరడించడానికి కాదు, ముందుకు తొయ్యడానికి.

వెళ్ళాను. ఎరిక్ తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. "ఏమైంది?" అన్నాడు తల ఎత్తకుండానే. "ఏం లేదు, కాలర్ మీద ముడతుంది," అని చెప్పి తిరిగి వచ్చేశాను. ఇంత నోరున్నదాన్ని, ఆ రోజు దానికి తాళం పడింది.

ఆదివారం అందరికంటే ముందే గుడికి వెళ్ళి, మిగిలిన మూడు కిలోల పైచిలుకు డ్రమ్ములో పోసేశాను. అలా పోస్తే పాపం తీరిపోతుందని కాదు, ఇంట్లో ఆ సంచిని చూడలేకపోయాను. ఆరాధన మొదలైంది. పాటలయ్యాయి. పాస్టరుగారు సాక్ష్యాలకు సమయం ఇచ్చారు. మగవాళ్ళ వైపు మూడో వరసలో ఎరిక్ లేచాడు.

నెమ్మదిగా మొదలుపెట్టాడు. జూన్ నుంచి శోధన కాలమని, ఉద్యోగం లేదని చెప్పాడు. గుడి అంతా ఒక్కసారి కదిలింది. గ్లోరియా అక్క తల తిప్పి నా వైపు చూసింది. ఎరిక్ ఆగలేదు. గురువారంతో బియ్యం అయిపోయాయన్నాడు. శనివారం మధ్యాహ్నం గేటు దగ్గర బియ్యం సంచి దొరికిందన్నాడు. "ఎవరు పెట్టిన్రో ఇప్పటికి తెల్వదు. తండ్రికే తెలుసు." అందరూ స్తోత్రం అన్నారు. ముందు వరసలో ఒక ముసలావిడ చప్పట్లు కొట్టింది. ఎరిక్ ముఖం వెలిగిపోయింది. చిన్నపిల్లాడిలా నా వైపు చెయ్యి చూపించాడు.

"ఆమె చేతికే దొరికింది. మేబెల్, లేచి చెప్పు."

లేచాను. లేవకుండా ఎలా? ఎప్పుడూ వందమంది ముందు గడగడా మాట్లాడేదాన్ని, పక్క బెంచీ పట్టుకుని నిలబడ్డాను. ఇంకో అబద్ధం ఒకటే వాక్యం దూరంలో ఉంది. అవునండీ, దేవుడికి స్తోత్రం, అని కూర్చోవచ్చు. ఆయన సంతోషం ఆయనకు మిగిలేది. నా పరువు నాకు మిగిలేది. కానీ రెండో వరస చివర శ్యామలమ్మ కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పితో కాళ్ళు బారజాపుకుని, అందరికంటే గట్టిగా స్తోత్రం అన్నది ఆవిడే. ఆవిడ సంచిలోంచి తీసిన అర కిలో గురించి ఆవిడే దేవుడికి స్తోత్రం చెబుతోంది.

"అవి గేటు దగ్గర దొరకలే," అన్నాను. "అవి మన పిడికెడు బియ్యం. తొమ్మిది సంచుల్లోంచి నేనే తీసుకున్న. ఎవరిని అడగలే. మా ఆయనకు గూడ తెల్వదు."

ఎరిక్ ఇంకా నిలబడే ఉన్నాడు. ఆయన చెయ్యి ఇంకా నా వైపే చాపి ఉంది. కాసేపటికి దాన్ని దించుకుని కూర్చున్నాడు. పాస్టరుగారు గొంతు సవరించుకుని ఏదో పాట నంబరు చెప్పారు. ఎవరికీ రాగం అందలేదు.

బయటికి వచ్చాక జనం నా చుట్టూ ఖాళీ వదిలి నడిచారు. శ్యామలమ్మ ఒక్కతే చేతికర్ర ఆనించుకుంటూ దగ్గరికి వచ్చింది.

"నిన్న సంచి లేపంగనే తెలిసింది బిడ్డా. ఎన్నేండ్ల సంది మోస్తున్న, నా చేతికి తెల్వదా? ఈ నెల డ్రమ్ముల తక్కువ పడ్డయేమో అనుకున్న. ఇగ నా ఇంట్ల సుత పిడికెడు జెర పెద్దగ తియ్యాలె అనుకున్న."

"తప్పయింది అమ్మా. కోపముంటే తిట్టు."

"కోపం ఉండదా? బియ్యం తీసుకున్నవని గాదు. నెల నెల నా మోకాళ్ళ ముచ్చట అందరి ముంగట చదువుతవ్. నీ ఇంటి ముచ్చట మాత్రం దాసుకున్నవ్. ఏందీ, నాకు సిగ్గుండదనుకున్నవా?"

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. ఆరేళ్ళలో ఎన్నిసార్లు ఆవిడ పేరు చదివానో, ఒక్కసారి కూడా ఆవిడ ముఖం చూడలేదని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. నా కోసం కాదు, ఆవిడ కోసమే.

ఎరిక్ అప్పటికే రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. ప్రిసిల్లా గుడి గేటు దగ్గరే ఆగిపోయింది, నేను అత్తయ్య చెయ్యి పట్టుకుని వెనకాలే నడిచాను. మలుపు దగ్గర కొబ్బరి బోండాల బండి పక్కన ఆగాడు.

"ఇంట్లనే చెప్పొచ్చు కద."

"చెప్దామనే వచ్చిన. మీరు సంతోషంగ ఉన్నరు. నోరు రాలే."

"నాలుగు నెలల ఒక్కసారి జవాబొచ్చిందనుకున్న మేబెల్," అన్నాడు. "ఒక్కసారి."

ఆయన అరిచినా బాగుండేది. ఆయన చెయ్యి పట్టుకుని, జవాబు నిజంగానే వచ్చిందండీ, నలభై ఇళ్ళల్లో పిడికెడు పిడికెడు పక్కన పెట్టి మన కోసం ఆ గదిలో సిద్ధంగానే ఉంది, అడగడమే మన వంతు, అని చెప్పాలనిపించింది. అది నిజం కూడా. కానీ దొంగతనం చేసిన నోటితో ఆ మాట ఎలా చెప్పను? ఆ హక్కు నేనే పోగొట్టుకున్నాను.

"మిగిలిన బియ్యం?" అన్నాడు.

"పొద్దునే తెచ్చి డ్రమ్ముల పోసిన."

"మరి ఇప్పుడు ఇంట్ల?"

"ఏం లేవు."

అత్తయ్య బండివాడి స్టూలు మీద కూర్చుని చెమట తుడుచుకుంది.

"పొద్దున మాత్ర వేసుకున్నానురా," అంది కొడుకుతో. "ఒంటిగంటకల్లా నేను తినాలి. లేకపోతే కళ్ళు తిరుగుతాయి."

అంతే అంది. వాక్యం చెప్పలేదు, వాళ్ళ నాన్న కథ చెప్పలేదు. ఎరిక్ తల్లి వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు. తర్వాత ఇస్త్రీ చొక్కా కాలర్ ఒకసారి సర్దుకుని వెనక్కి తిరిగి గుడి వైపు నడిచాడు. నాకు రమ్మని చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. నాలుగడుగులు వెనకగా నేనూ వెళ్ళాను.

గుడి ముందు ఇంకా జనం ఉన్నారు. మమ్మల్ని చూసి మాటలు ఆపేశారు. మెట్ల మీద గ్లోరియా అక్క ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళతో నిలబడి ఉంది. మాట్లాడుకునేది నా గురించే అయి ఉంటుంది. ఎరిక్ నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "దేవుని కృప" అంటాడేమో, "శోధన" అంటాడేమో అని భయపడ్డాను.

"అక్కా, మా ఇంట్ల బియ్యం లేవు," అన్నాడు. "అమ్మకు ఆకలైతది. జెర ఇయ్యండి."

గ్లోరియా అక్క ఆయన్ని చూసి, తర్వాత నన్ను చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపులో క్షమ ఉందో లేదో నాకు ఈనాటికీ తెలియదు. చెయ్యి మాత్రం చాపింది, గది తాళంచెవి కోసం. బ్యాగులోంచి తీసి ఇచ్చేశాను. ఆమె తలుపు తెరిచి లోపలికి వెళ్ళింది. లోపల డ్రమ్ము మూత తీసిన చప్పుడు వినిపించింది. ఆరేళ్ళలో మొదటిసారి నేను ఆ గడప బయట, ఎరిక్ పక్కన, అదే ఖాళీ గుడ్డసంచి పట్టుకుని నిలబడ్డాను.